ఎలుక చల్లబడ్డంక

ఇంకో రెండు బొగ్గులు వెయ్యి బిడ్డా. సూరత్ చలి చలే కాదని మీ నానమ్మ అంటది గాని, తాపీ మీదికెల్లి గాలి కొడితె అరవై దాటిన మోకాళ్లకు తెలుస్తది. ఆ కంకిని మంటల పెట్టకు, నిప్పుల మీద పెట్టు. మంటల పెడితె పొట్టు మాడుతది, లోపటి గింజ పచ్చిగనే ఉంటది. మన ఊర్ల దీన్ని ఊచబియ్యం అంటం. ఈడ పోంక్ అంటరు. చలికాలం వచ్చిందంటె దుకాణాలు పెట్టి, నిమ్మకాయ మిరియాల సేవ్ కలిపి అమ్ముతరు. రెండూ పచ్చి జొన్నలే. నేను సూరత్‌కు వచ్చిన మొదటి చలికాలం పోంక్ నోట్లె వేసుకున్నంకనే, ఈడ గూడ బతుకొచ్చు అనిపించింది.

ఏమన్నవ్? మీ డిగ్రీ మొదటేడు, అదే ఎఫ్.వై. పుస్తకంల ప్లేగుకు ఒక్క పేజీనే ఉందా? మా కాలంల సగం పేజీ ఉండె. ఆ సగం పేజీని నేను ఏటేటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పిన. దాని కథ చెప్తా. అయితె సీదా ఆడికి పోలేను, ఉల్లిగడ్డ కాణ్నుంచి మొదలుపెట్టాలె.

మా బాపు సిరిసిల్ల దిక్కు చేతిమగ్గం విడిచి మొదలు షోలాపూర్ పోయిండు, ఆన్నుంచి భివండి. 1970 మే నెలల భివండిల కొట్లాటలైనంక మన ఊరికొచ్చి, అవ్వనూ నన్నూ వెంటబెట్టుకొని జల్గావ్ మీదికెల్లి పాసింజర్ బండిల సూరత్ వచ్చిండు. నాకు పన్నెండేండ్లు. మన దిక్కు మరమగ్గాన్ని సాంచె అంటం గద, ఈ గుజరాతీలు గూడ సంచా అనే అంటరు. ఆ ఒక్క మాట పట్టుకొనే మా బాపు భాష రాకున్నా రెండో రోజుకు పనిల కుదిరిండు. ఇప్పుడంటె సూరత్ మునిసిపల్ బడులల్ల తెలుగు మీడియం గూడ ఉంది. నాకు దొరికింది మా గల్లీ మొగదల ఉన్న గుజరాతీ బడి.

భాషతోని పడ్డ తిప్పలు ఒకటా రెండా. మన ఊర్ల ఏడో తరగతిల జీవి అంతా కణాలతోని అయితది అని చదివిన. ఈడ బడిల అదే మాట అంటె పోరగాండ్లు నవ్విన్రు. గుజరాతీల కణ్ అంటె రేణువు, ఇసుక రవ్వ అసోంటిది. మనం కణం అనేదాన్ని వీళ్లు కోశ్ అంటరు. మనకేమో కోశం అంటె కత్తి ఒర, లేకుంటె రాజుల ఖజానా. ఇట్ల రెండు భాషల నడుమ నలిగి నలిగి, ఏ మాటైనా పలికే ముందు అది ఏ వస్తువుకు పేరో కండ్లతోని చూడాలె అనే అలవాటు పడ్డది. జీవశాస్త్రం చదివేటోనికి అంతకంటె మంచి అలవాటు లేదు. అది నాకు తెలివితోని రాలేదు, సిగ్గుతోని వచ్చింది.

సూరత్‌ల చదువులకు పాత పేరే ఉంది. సార్వజనిక్ ఎడ్యుకేషన్ సొసైటీ 1912ల పుట్టింది, వాళ్ల ఎం.టి.బి. కాలేజీ 1918ల. అప్పట్ల ఈడి పోరగాండ్ల డిగ్రీ కాయితాలు బొంబాయి యూనివర్సిటీ నుంచి వచ్చేటివి. దక్షిణ గుజరాత్ యూనివర్సిటీ అని మనకంటూ ఒకటి వచ్చింది 1967లనే. దానికి వీర నర్మద్ అని ఈ ఊరి కవి పేరు పెట్టింది 2004ల. నేను 1976ల బి.ఎస్సీల చేరిన. ఏ కాలేజీనో చెప్ప, నీకు ఎరుకే. ముందు ముందు కథల దాని పేరు రాకుంటనే మంచిది.

బాపు రాత్రి పాళీ. నేను గూడ వారానికి మూడు రాత్రులు ఆయన పక్కన రెండు సాంచెలు చూసేటోన్ని. పొద్దున ఏడున్నరకు ప్రాక్టికల్. చెవులల్ల సాంచె చప్పుడు ఇంకా పోకముందే ల్యాబ్‌ల నిలబడేది. బోటనీ సార్ సన్నగ, పొడుగ్గ, తెల్ల ధోతి మనిషి. అందర్నీ ‘దీకరా’ అనే పిలిచేటోళ్లు, కొడుకా అన్నట్టు.

మొదటి ప్రాక్టికల్ ఉల్లిగడ్డ వేర్లు. నీళ్లు నింపిన సీసా మూతి మీద ఉల్లిగడ్డను కూసోబెడితె మూడు నాలుగు రోజులకు తెల్లటి వేర్లు దిగుతయి. పొద్దుగాల ఆ వేర్ల కొసలు కోసి, ఒక పాలు ఎసిటిక్ యాసిడ్, మూడు పాళ్లు ఆల్కహాల్ కలిపిన దాంట్ల వెయ్యాలె. వేసిన గడియకు కణాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతయి, ఫోటో తీసినట్టు. తర్వాత కార్మిన్ రంగుల కొంచెం వెచ్చజేయాలె. ఆ ఎర్ర రంగును నాగజెముడు చెట్ల మీద బతికే పురుగుల నుంచి తీస్తరు. అద్దకాల ఇండ్లల్ల పెరిగినోన్ని గద, నాకు వేర్ల కంటె ఆ రంగు మీదనే పానం పోయింది.

ఇగ అసలు పని. ఆవగింజంత వేరు కొసను స్లైడ్ మీద పెట్టి, కవర్ స్లిప్ కప్పి, అగ్గిపుల్ల వెనుక కొసతోని సన్నగ తట్టాలె. పైన బ్లాటింగ్ కాయితం మడిచిపెట్టి బొటనవేలుతోని నొక్కాలె. నిలువుగ నొక్కాలె, ఇటు అటు జరగొద్దు. వేలు వెంట్రుకవాసి జరిగిందా, కణాలు నలిగి ముద్దయితయి, క్రోమోజోములు గీతల్లెక్క సాగుతయి. మెల్లగ నొక్కితె ఒకదాని మీద ఒకటి పడి ఉంటయి, లెక్కకు రావు. నా బ్యాచ్‌ల ఇరవై మంది. డాక్టర్ల పిల్లలు, వజ్రాల వ్యాపారుల పిల్లలు. అందరి కవర్ స్లిప్‌లు టపటప పగులుతున్నయి.

నాది పగల్లేదు. సార్ వచ్చి నా మైక్రోస్కోపుల కన్ను పెట్టిన్రు. చానాసేపు తియ్యలేదు. నడుమ వరుసల పేర్చినట్టు పదహారు క్రోమోజోములు, ఒకదాన్నొకటి తాకకుంట. ఉల్లిగడ్డకు పదహారే. సార్ తల ఎత్తి నా దిక్కు చూడలేదు, నా చెయ్యి పట్టుకొని బొటనవేలును తిప్పి చూసిన్రు. దాని మీద పోగు కోసిన సన్న గీతలు ఉండె. ‘ఇది ఎక్కడ నేర్చింది?’ అన్నరు. ‘సాంచె కాడ సార్. నడుస్తుంటె పడుగు పోగు తెగితె, బొటనవేలు చూపుడువేలు నడుమ మెలిపెట్టి అతకాలె. గట్టిగ పడితె పక్క పోగు తెగుతది’ అన్న. ఆయన నవ్వలేదు, మెచ్చుకోలేదు. ‘రేపటి సంది వీళ్లందరికి నువ్వే చూపియ్యి’ అని పోయిన్రు. ఆ రోజు ఇంటికి పోయి బాపుకు చెప్తె, ‘పదహారు పోగులకే గంతనా’ అన్నడు. ఆయన పడుగుల వేల పోగులు మరి.

కప్పల కథ చెప్పమంటె చెప్తా గాని, చెప్పుకునేటందుకు మనసొప్పది. గోనె సంచిల వచ్చేటివి. క్లోరోఫాం జాడీ, మైనం పోసిన తట్ట, నాలుగు కాళ్లకు నాలుగు గుండుసూదులు. గుండె ఇంకా కొట్టుకుంటనే ఉండేది. గుజరాతీల దేడ్కో, బొద్దింక వాందో, ఎర్ర అళసియుం. ఎర్రను కోసిన రోజు మా బాపు పలారం గూడ ముట్టనియ్యలేదు. కప్ప కాళ్ల ఎగుమతిని సర్కారు 1987ల ఆపింది. 2011ల యూజీసీ కోతలు తగ్గించమన్నది, 2014ల మొత్తం బందువెట్టమన్నది. నువ్వు కంప్యూటర్ల కోస్తున్నవ్. మంచిదే. నా చేతి కింద ఎన్ని పోయినయో నేను ఎన్నడూ లెక్క రాయలేదు, రాయకపోవుడే తప్పు.

అట్ల ఎం.ఎస్సీ అయింది, 1983ల అదే ఊర్ల లెక్చరర్‌నయిన. రెండో ఏడు, అంటె ఎస్.వై. పోరగాండ్లకు పరాన్నజీవులు, రోగాలు మోసే కీటకాలు, ఈ పేపర్ నాకిచ్చిన్రు. ఆ సగం పేజీ అప్పుడు నా చేతికొచ్చింది.

ఇగో, ఈ బొగ్గుతోని నేల మీద గీస్తా చూడు. ఇది ఎలుక మీది మిన్నల్లి, జినాప్సిల్లా కియోపిస్. రెక్కలు లేవు. పక్కల నుంచి నొక్కినట్టు పలచగ ఉంటది, వెంట్రుకల నడుమ దూరి పోయేటందుకు. వెనుక కాళ్లు పొడుగు. దీని గొంతుకు, కడుపుకు నడుమ చిన్న సంచి అసోంటిది ఉంటది, లోపల ముండ్లు. ప్లేగున్న ఎలుక నెత్తురు తాగితె ఆ క్రిములు ఈ సంచిల పెరిగి గడ్డకట్టి దారి మూసేస్తయి. ఇగ మిన్నల్లికి ఎంత తాగినా కడుపులకు పోదు. ఆకలితోని పిచ్చెక్కి దొరికినోన్నల్లా కుడుతది. తాగిన నెత్తురు గడ్డకు తాకి మళ్ల గాయంలకే కక్కుతది, క్రిములతోని సహా. ఎలుక సచ్చి చల్లబడ్డంక మిన్నల్లి దాని మీద ఉండదు. వెచ్చటి ఒళ్లు దేవులాడుతది. పక్కన మనిషి పండుకొని ఉంటడు.

క్రిమిని యెర్సిన్ 1894ల హాంగ్‌కాంగ్‌ల పట్టుకున్నడు. మిన్నల్లి సంగతి సిమోండ్ 1898ల కరాచీల తేల్చిండు. బొంబాయిల హాఫ్కిన్ 1897ల తన టీకాను ముందుగాల తనకే పొడుచుకున్నడు. ఇవన్నీ చెప్పి, చివర్ల రెండు ముక్కలు: ఊపిరితిత్తులకు పాకితె అది వేరే రకం, న్యుమోనిక్. దానికి ఎలుక వద్దు, మిన్నల్లి వద్దు. దగ్గు తుంపరలు చాలు. రెండు మూడు రోజులల్లనే బయటపడుతది, మందు పడకుంటె బతుకరు. పోరగాండ్లు బొమ్మ గీసేటోళ్లు, నేను ఐదుకు నాలుగు మార్కులేసేటోన్ని. ఒక మార్కు ముండ్లు సరిగ గీయనందుకు కోసేటోన్ని. పదకొండేండ్లు అట్లనే నడిచింది.

1994. ఆ వానాకాలం తాపీ పొంగింది. నీళ్లు తీసినంక బురద, చచ్చిన పశువులు, మురుగు. సెప్టెంబర్‌ల గణపతి నిమజ్జనమైంది. మూడు నాలుగు రోజులకు వేడ్ రోడ్ దిక్కు జనం జ్వరమొచ్చి నెత్తురు దగ్గి చస్తున్నరని మాట పుట్టింది. అంతకు ముందే మహారాష్ట్రల బీడ్ జిల్లాల ఎలుకలు రాలినయని, గడ్డలు లేస్తున్నయని పేపర్ల చదివిన. ఆ పేపర్ ముక్కను కత్తిరించి క్లాసుల చూపించిన గూడ.

ఆ మాట పుట్టిన రాత్రి మన గల్లీ చూసినోడు మరువడు. సాంచెలు బందైనయి. నిశ్శబ్దమంటె ఏందో అప్పుడే తెలిసింది నాకు. లారీల మీద, బస్సుల టాపుల మీద, దొరికినదాని మీద ఎక్కి పోతున్నరు. నాలుగైదు రోజులల్ల లక్షల మంది ఊరు విడిచిన్రు. మందుల దుకాణాలల్ల టెట్రాసైక్లిన్ అయిపోయింది. నాకు తెలిసినాయన దగ్గర రెండు పట్టీలు దొరికినయి.

ఆ కాప్సూల్ సంగతి ఒకటి చెప్పనియ్యి, మళ్ల మరుస్తా. ఆ మందుల కుటుంబంల పెద్ద బిడ్డ ఆరియోమైసిన్. అమెరికాల మిస్సోరి నేల మట్టిల దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి డగ్గర్ అనే ముసలాయన తీసిండు, లోకానికి తెలిసింది 1948ల. అది తీసిన లెడర్లీ ల్యాబ్‌ల పరిశోధనకు పెద్ద ఎవరనుకున్నవ్? భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అదే ఏడు పోయిండు. మన ఎస్.వై. పోరగాండ్లు ఫాస్ఫరస్ లెక్కగట్టే పద్ధతి చదువుతరు గద, ఫిస్కే-సుబ్బరో అని? ఆ సుబ్బరో ఈయనే. గుజరాతీ పోరగాండ్లు ఎవరో ఇటలీ ఆయన అనుకునేటోళ్లు. నేను తెలుగాయన అని చెప్పి ఛాతీ ఇరుసుకునేటోన్ని. ఆ రాత్రి ఆయన చెట్టు కొమ్మకు కాసిన మందు నా జేబుల ఉంది, ఆయన జాతోన్ని నేను సంచి సర్దుతున్న.

అవును, సర్దిన. మీ నాయనకు అప్పుడు పదకొండేండ్లు. మీ నానమ్మ ‘మీరు సార్ గద, మీకు తెలుసు గద, పోదామా ఉందామా’ అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు, ట్రంకు పెట్టె దించిన. ఊపిరితిత్తుల ప్లేగు దగ్గుతోని అంటుతది, ఎవరికి అంటిందో ఒకటి రెండు రోజులు తెల్వది, గుంపుల పడొద్దు, రాజ్యాలు దాటొద్దు. అన్నీ నాకు నోటికొచ్చు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌ల కాలు పెట్ట జాగలేదు. ఒకల ముక్కు ఇంకొకల మెడకు తాకుతుంది. ఎవరన్న దగ్గితె బోగీ మొత్తం గప్‌చుప్. గుజరాత్, మహారాష్ట్ర దాటి మూడో రాజ్యంలకు పోయినం. దారిల ఒక పెద్ద స్టేషన్ల ముక్కులకు గుడ్డలు కట్టుకున్నోళ్లు మాత్రలు పంచిన్రు. నేను గూడ చెయ్యి చాపిన.

ఊరు చేరినం. పొలిమేర కాడనే పెద్దమనుషులు ఆపిన్రు. తిట్టలేదు, కొట్టలేదు. ‘వారం రోజులు పొలం కాడ కొట్టంల ఉండున్రి, తిండి పంపుతం’ అన్నరు. నాకు మస్తు కోపమొచ్చింది. నేను జీవశాస్త్రం చెప్పే సార్‌ను, నాకు చెప్తున్నరా అని. మా పెద్దవ్వ, బాపు మేనత్త, ఎనభై దాటింది, పొద్దుగూకంగ కొట్టం కాడికి వచ్చి పది గజాల దూరంల కూసుంది. ‘వెనుకట ఎలుకలు రాలితె మా అవ్వలు ఇండ్లు విడిచి చెలకలల్ల గుడిసెలేసుకునేటోళ్లంట బిడ్డా. నెల తిరిగినంకనే ఇంట్లకు. ఏందో మరి, అట్ల ఉంటె బతికేటోళ్లంట’ అన్నది. నేను కొట్టం గోడకు ఒరిగి ఆలోచించిన. ఎలుక చల్లబడ్డంక మిన్నల్లి వెచ్చటి ఒళ్లు దేవులాడుతది. ఆ ఇల్లే విడిస్తె ఒళ్లు దొరకది. సిమోండ్ కరాచీల కనుక్కున్నది వీళ్లు కనుక్కోలేదు గాని, చెయ్యాల్సిందైతె చేసిన్రు. ఇగ కొత్తోన్ని వారం ఎడంగ ఉంచుడు, అది నా సగం పేజీల ఉన్నదే. ఊరోళ్లకు బొమ్మ తెల్వదు, ముండ్లు తెల్వవు. ఆ లెక్కన నాకు సున్నా వాళ్లకు ఐదు.

మాకు ఎవరికీ ఏం కాలేదు. సూరత్‌ల యాభైకి పైగ మంది పోయిన్రు. కొన్నాళ్లకు కాలేజీ తెరిచిన్రు, తిరిగొచ్చిన. మొదటి క్లాసుల సగం బెంచీలు ఖాళీ. ఎస్.వై. పిల్ల ఒకామె వేడ్ రోడ్ దిక్కే ఉండేది. వాళ్ల ఇల్లు ఎటూ పోలేదు. పోయేటందుకు పైసలు లేక ఆగిన్రో, ధైర్యంతోని ఆగిన్రో నేను అడగలేదు. ఆ పిల్ల లేచి మెల్లగ అడిగింది: ‘సార్, పరీక్షల నివారణ అని ఒక మార్కు ఉంటది గద. ఉన్న ఊరు విడిచి పోవద్దు అని రాస్తె ఆ మార్కు వస్తదా?’

వెటకారం లేదు బిడ్డా దాంట్ల. అదే నొప్పి. ఆమె నిజంగనే మార్కు గురించి అడిగింది, నోట్సుల రాసుకునేటందుకు పెన్ను గూడ తీసి పట్టుకుంది. ‘వస్తది’ అన్న. ఇంకేమన్న మాట్లాడుదామంటె గొంతు రాలేదు. డస్టర్ పట్టుకొని తుడిచి ఉన్న బోర్డునే మళ్ల తుడిచిన.

మరుసటేడు మే నెలల సూర్యదేవర రామచంద్ర రావు మునిసిపల్ కమిషనర్‌గ వచ్చిండు. ఎస్.ఆర్. రావు అంటె సూరత్‌ల ఇప్పటికీ ముసలోళ్లు లేచి నిలబడుతరు. ఆయన గూడ మన తెలుగాయనే. పెద్దాఫీసర్లు పొద్దుగాల చల్లగదులు విడిచి గల్లీలల్ల తిరగాలె అని పెట్టిండు, కూలగొట్టాల్సినయి కూలగొట్టిండు, పొద్దుగాల ఊడిసిన రోడ్లను రాత్రి మళ్ల ఊడిపించిండు. రెండేండ్లు తిరగకముందే దేశంల శుభ్రమైన ఊర్లల్ల మనది రెండోదని పేరొచ్చింది. అదే ఊరు, అవే మోరీలు, అదే జనం. నేను పదకొండేండ్లు బ్లాక్‌బోర్డు మీద చెప్పినదాన్ని ఆయన చీపురుతోని చెప్పిండు.

నేను గూడ బోర్డు కొంచెం తగ్గించిన. ఆయన వచ్చిన వానాకాలం మూడో ఏడు, అంటె టి.వై. పోరగాండ్లను తోలుకొని మోరీల కాడికి పోవుడు మొదలుపెట్టిన. పొడుగు కర్రకు తెల్ల గిన్నె కట్టి నీళ్లు ముంచాలె. దోమ పిల్లలు కనబడతయి. తల కిందికి పెట్టి ఏటవాలుగ వేలాడుతున్నయంటె క్యూలెక్స్. నీళ్ల మీద తేలి చాప పరిచినట్టు పండుకున్నయంటె అనాఫిలిస్. మొదటిది ఏనుగుకాలు రోగానికి, రెండోది మలేరియాకు. పుస్తకంల బొమ్మలు పక్కపక్కన ఉంటయి, మోరీల ఉండవు. పోరగాండ్లు ముక్కులు మూసుకునేటోళ్లు. ఒకడైతె అంగి మీద బురద పడ్డదని ఏడ్చినంత పని చేసిండు.

ఒకనాడు పొద్దుగాల ఒక గల్లీల అట్ల గిన్నె ముంచి చూస్తుంటె, ఒక ఇంటామె బయటికొచ్చి మా మీద లేచింది. మునిసిపాలిటీ నుంచి వచ్చినం అనుకున్నది. నాలుగు రోజులాయె కచ్రా ఎత్తక, ఇప్పుడొచ్చి మోరీల ఏం చూస్తున్నరు అని. నేను కర్ర పక్కకు పెట్టి, ‘బెన్, నేను కాలేజీల ప్రొఫెసర్‌ను, వీళ్లు నా స్టూడెంట్లు, దోమల గురించి చదువుతున్నరు’ అన్న. ఆమె నన్ను కిందికెల్లి మీదికి చూసింది. ‘ప్రొఫెసర్ అయితె ఏంది, చేతులు లేవా?’ అని, నిండిన బకెట్ తెచ్చి నా ముందట పెట్టి లోపలికి పోయింది.

పోరగాండ్లు నవ్వాపుకుంట నా దిక్కే చూస్తున్నరు. ఒక పిల్ల గిన్నె కర్ర నా చేతిల నుంచి తీసుకున్నది. నేను బకెట్ ఎత్తి గల్లీ కొసకు నడిచిన.

కంకి తియ్యి, అయింది. అరచేతుల మధ్య నలిచి ఊది ఇయ్యి. మీ నానమ్మకు గూడ రెండు గింజలు ఉంచు.